బండి మనది... తాళం కంపెనీది

కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ఐరోపా కార్లు పెరిగాయి. వాటిని విప్పి బాగుచేసే వీలు మాత్రం ఇంకా వందల కిలోమీటర్ల అవతలే ఉంది.

పొద్దున్నే రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ వెళ్లేవాళ్లకు అప్పుడప్పుడు కనిపిస్తుంది. సిద్దిపేట దాటాక ఎడమ పక్కన నింపాదిగా పోతున్న టోయింగ్ బండి, దాని మీద నాలుగు చక్రాలకూ బెల్టులు బిగించిన జర్మన్ కారు. నంబర్ ప్లేటు మీద టీఎస్ 02, అంటే కరీంనగర్. ఎక్కడా గుద్దుకున్న ఆనవాలు ఉండదు, రంగు మీద గీత కూడా ఉండదు. డ్యాష్‌బోర్డులో పసుప్పచ్చ దీపం ఒకటి వెలిగింది, బండి మొరాయించింది, అంతే. అదే దీపం మారుతీలో వెలిగి ఉంటే కోతిరాంపూర్‌లో ఏదో ఒక షెడ్డులో మధ్యాహ్నానికల్లా పనైపోయేది. దీనికి మాత్రం సుమారు 160 కిలోమీటర్ల ప్రయాణం. ఆదిలాబాద్ బండైతే 300. అందుకే అక్కడివాళ్లలో కొందరు పెన్‌గంగ దాటించి నాగపూర్ పంపుతారు. అది 200 కిలోమీటర్లే, పైగా ఆస్పత్రులకు వెళ్లి అలవాటైన దారి.

లక్షలు పోసి కొన్న కారు ఎందుకు చెడిపోతుందని అందరూ అడుగుతారు. దానికి జవాబులున్నాయి, చెప్పుకుందాం. నాకు మాత్రం ఇంకో ప్రశ్న పెద్దదిగా కనబడుతుంది. చెడిపోయినదాన్ని ఇక్కడే, మన షెడ్డులోనే ఎందుకు బాగుచేయించుకోలేకపోతున్నాం? మన మెకానిక్‌కు పని రాదనడం తేలిక. ఈ రెండు జిల్లాల చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు.

అడవికి అలవాటైన ఇంజిన్లు

ఐరోపా ఇంజిన్ మనకు కొత్తదేం కాదు. 1954 నుంచి 1969 దాకా టాటా లారీలు జర్మనీ డైమ్లర్-బెంజ్ భాగస్వామ్యంతోనే తయారయ్యాయి. ఉట్నూరు, జైనూరు, ఆసిఫాబాద్ మధ్య టాపు మీద కూడా మనుషుల్ని ఎక్కించుకుని కెరమెరి ఘాట్ ఎక్కిన పాత మహీంద్రా జీపుల్లో చాలావాటిది ఫ్రాన్స్ ప్యూజో డిజైన్ డీజిల్ ఇంజిన్. వాటితో పోటీపడిన టెంపో ట్రాక్స్‌లో ఉన్నది మెర్సిడెస్ ఓఎం 616 వంశం. ఒకప్పుడు ఊళ్లో హోదాకు గుర్తుగా నిలబడిన ప్రీమియర్ పద్మిని, ఇటలీ ఫియట్ 1100కు బొంబాయి రూపం.

ఆ ఇంజిన్లు ఏసీ వర్క్‌షాపుల ముఖం చూడలేదు. చెట్టు కింద తలకాయ విప్పి, గ్యాస్కెట్ మార్చి, నాజిళ్లు శుభ్రం చేసి సాయంత్రానికి సవారీలు ఎక్కించేవాళ్లు. డీజిల్ పంపు ఒక్కటే మంచిర్యాలకో కరీంనగర్‌కో పంపేవాళ్లు. చదువు అంతంతమాత్రంగా ఉన్న మనుషులు ఫ్రెంచి ఇంజినీర్ల పనిని విప్పి బిగించారు. బిగించగలిగారు ఎందుకంటే, అందులో దాచిందేమీ లేదు. పార్టు ఏ దుకాణంలోనైనా దొరికేది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే స్విఫ్ట్ డీజిల్. దాని 1.3 లీటర్ ఇంజిన్ ఫియట్‌వారి మల్టీజెట్. మారుతీ, టాటా కలిపి ఎన్ని బళ్లలో పెట్టాయంటే దానికి దేశపు జాతీయ ఇంజిన్ అని పేరొచ్చింది. ట్యాక్సీలై లక్షల కిలోమీటర్లు తిరిగాయి. సరిగ్గా అదే ఇంజిన్ ఫియట్ సొంత కార్లు పుంటో, లీనియాల్లోనూ ఉంది. స్విఫ్ట్‌కు గల్లీకో మెకానిక్ ఉన్నాడు. పుంటో మాత్రం పార్టు దొరకని బండిగా మిగిలింది, కొన్నవాళ్లు బేరానికి వచ్చినవాడికల్లా సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. ఇనుము ఒక్కటే. దుకాణంలో సరుకు ఉండటం, లేకపోవడం ఒక్కటే తేడా. ఐరోపా కార్లు నాజూకువి, మన రోడ్లకు ఆగవు అని తేల్చేసేవాళ్లు ఈ రెండు బళ్లనూ పక్కపక్కన పెట్టి ఆలోచించాలి.

బ్యాటరీ మార్చినా కంప్యూటర్‌కు చెప్పాలి

మరి ఇప్పుడేం మారింది? చిన్న విషయంతో మొదలుపెడదాం. ఇప్పటి బీఎండబ్ల్యూలో బ్యాటరీ పోతే, కొత్తది తెచ్చి బిగిస్తే పని పూర్తికాదు. కొత్త బ్యాటరీ వచ్చిందని కారు కంప్యూటర్‌లో నమోదు చేయాలి. చేయకపోతే అది ఇంకా పాత ముసలి బ్యాటరీయే ఉందనుకుని దానికి తగ్గట్టు ఛార్జింగ్ ఎక్కిస్తుంది, కొత్తది కాలం తీరకముందే పోతుంది. బిగించడానికి పదో పరకో నిమిషాలు. నమోదు చేసే స్కానర్ మాత్రం బ్యాటరీ దుకాణంలో ఉండదు.

ఫోక్స్‌వ్యాగన్, ఆడి కుటుంబంలో ఇంకో అడుగు ముందుకేశారు. మీటర్ క్లస్టర్ లాంటి కొన్ని భాగాల్ని వేరే బండి నుంచి తీసుకొచ్చి పెడితే, కంపెనీ సర్వర్ ఆన్‌లైన్‌లో ఒప్పుకునేదాకా అవి సరిగా పనిచేయవు. కార్ల దొంగల్ని ఆపడానికే ఈ ఏర్పాటు అంటారు. దొంగ ఆగే ఉంటాడు. వాడితోపాటు మెకానిక్కూ ఆగిపోయాడు. లోపలి సాఫ్ట్‌వేర్‌లో ఏముందో బయటివాడికి తెలియకపోతే ఏమవుతుందో 2015 సెప్టెంబరులో ప్రపంచమంతా చూసింది. ల్యాబ్‌లో పరీక్ష జరుగుతోందని పసిగట్టి పొగ తగ్గించి చూపే కోడ్ ఫోక్స్‌వ్యాగన్ డీజిళ్లలో బయటపడింది. మన దేశంలోనే 3,23,700 కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

ఇక పేరుమోసిన జబ్బుల సంగతి. డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఏడు గేర్ల డ్రై క్లచ్ రకం ఉంది, డీక్యూ200 అంటారు. పోలో జీటీ, వెంటోల్లో వచ్చింది. కుదిరినప్పుడు దాని గేరు మార్పు అద్భుతం. వేడి, తేమ ఎక్కువున్న దేశాల్లో దాని గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ మొండికేసింది. లోపలి సింథటిక్ ఆయిల్ వల్ల ఎలక్ట్రిక్ లోపాలు వస్తున్నాయని కంపెనీయే 2013లో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లలో మినరల్ ఆయిల్ మార్చే పని పెట్టుకుంది. అదే ఏడాది చైనాలో ప్రభుత్వ టీవీ ఈ గేర్‌బాక్స్‌ల మీద కథనం వేసిన కొద్దిరోజులకే అక్కడ 3,84,181 కార్లను వెనక్కి పిలిచారు. చైనా కొనుగోలుదారులకు పదేళ్ల వారంటీ కూడా దక్కింది. గట్టిగా అడిగినచోట కంపెనీలు దిగివస్తాయన్నమాట.

బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్‌ది మరో కథ. టైమింగ్ చైన్‌ను ఇంజిన్‌కు వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన పెట్టారు. చైన్ వదులైతే కిర్రుమనే చప్పుడు మొదలవుతుంది. చైన్ ఖరీదు పెద్దది కాదు, దాన్ని చేరుకోవడానికి ఇంజిన్ దించాలి. ఖర్చంతా ఆ దించడానికే. ఆడి ఏ4 పాత పెట్రోల్ ఇంజిన్లలో కొన్ని ఆయిల్ తాగేవి, పిస్టన్ రింగులు మారిస్తే గాని ఆగేవి కావు. ఇంకా థర్మోస్టాట్ కవర్లు, వాటర్ పంపులు ప్లాస్టిక్‌వి. బరువు తగ్గించడానికి అలా చేశారు. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి పెళుసెక్కుతాయి. మ్యూనిక్‌లో పదేళ్లు ఆగే ప్లాస్టిక్ రామగుండంలో అన్నేళ్లు ఆగుతుందని ఎలా అనుకుంటాం?

ఎండ, దుమ్ము, ఎలుక

మే నెలలో జగిత్యాల, మంచిర్యాల వైపు ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. డిసెంబరులో రాష్ట్రంలోకెల్లా చలి ఆదిలాబాద్‌దే. ఒకే రబ్బరు బుష్ ఈ రెంటినీ ఓర్చుకోవాలి. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీల రాతిపొడి, గోదావరిఖని వైపు బొగ్గు ధూళి. ఎయిర్ ఫిల్టర్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో మాన్యువల్‌లో రాసి ఉన్న లెక్క ఇక్కడికి సగం కూడా పనికిరాదు.

రైస్ మిల్లులవాళ్లకు ఇంకో శత్రువు ఉంది. మిల్లు ఆవరణలో రాత్రి నిలిపిన కారు బానెట్‌లోకి ఎలుక దూరుతుంది. వైరు కొరుకుతుంది. ఎలుకకు మారుతీ, మెర్సిడెస్ తేడా తెలియదు కాబట్టి రెండింటినీ కొరుకుతుంది. మారుతీ వైరును షెడ్డులో అతికి టేపు చుట్టేస్తారు. ఖరీదైన బండి విషయంలో వైరింగ్ హార్నెస్ మొత్తం మార్చాలని సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ రాస్తుంది. తెగిన వైరు జానెడు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణం వచ్చింది. డీజిల్ కార్లకు పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ చేరింది. ఆ మసిని కాల్చేయడానికి పొగ సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కాలి, అందుకు బండి కాసేపు ఆగకుండా హైవే మీద పరుగెత్తాలి. ఇంటి నుంచి టవర్ సర్కిల్‌కు, అక్కడి నుంచి క్లినిక్‌కు, క్లినిక్ నుంచి ఇంటికి తిరిగే డాక్టరు గారి డీజిల్‌కు ఆ అవకాశం ఎక్కడిది? మసి పేరుకుంటుంది, దీపం వెలుగుతుంది, ఇంజిన్ లింప్ మోడ్‌లోకి వెళ్లి ఈడ్చుకుంటూ నడుస్తుంది. వారానికోసారి అలుగునూరు వంతెన దాటించి రాజీవ్ రహదారి మీద అరగంట పోనిస్తే చాలావరకు ఈ బాధ ఉండదు. అమ్మేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పే సేల్స్‌మన్ అరుదు. 44వ నంబరు హైవే పక్కనే ఉన్న ఆదిలాబాద్, నిర్మల్ వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు.

పెట్రోల్‌వాళ్లూ నిశ్చింతగా లేరు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతా వచ్చేసింది. దాన్ని తట్టుకునే రబ్బరు, సీళ్లతో కార్లు తయారవడం 2023 ఏప్రిల్ నుంచే మొదలైంది. అంతకుముందు కొన్న పాత దిగుమతి బండి ఉన్నవాళ్లు ఫ్యూయల్ గొట్టాల మీద ఓ కన్నేసి ఉంచాలి.

టైరు సంగతి కూడా చెప్పాలి. చాలా బీఎండబ్ల్యూలు స్టెప్నీ లేకుండా రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చాయి. గాలి పోయినా 80 కిలోమీటర్ల వేగం మించకుండా మరో 80 కిలోమీటర్లు పోవచ్చు. జర్మనీలో ఆ దూరంలో టైర్ల దుకాణాలు ఎన్నో. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు మీదుగా ఆదిలాబాద్ చేరేలోపు ఆ 80 అయిపోతుంది. చేరినా ఆ సైజు టైరు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఎస్టిమేట్ వచ్చిన రోజు

ఇంత తెలిసీ ఎందుకు కొంటారు? గొప్ప కోసం అని నవ్వేయడం న్యాయం కాదు. రాత్రిపూట గ్రానైట్ లారీల మధ్య రాజీవ్ రహదారి మీద ప్రయాణించేవాడికి బరువైన తలుపు, గట్టి బాడీ ఇచ్చే ధైర్యం వేరు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని పోలోకు సున్నా వచ్చింది. కంపెనీ వెంటనే ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లకూ తప్పనిసరి చేసి 4 స్టార్లు తెచ్చుకుంది. 2022లో స్కోడా కుశాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్‌లకు 5 స్టార్లు వచ్చాయి. పిల్లల్ని ఎక్కించుకునే బండికి ఇది చిన్న విషయం కాదు. కొన్నవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఆ స్టీరింగ్‌ను తిట్టరు. తిట్టేది సర్వీసును.

అసలు ఉచ్చు సెకండ్ హ్యాండ్ బజారులో ఉంది. పదేళ్లు దాటిన ఆడి, బీఎండబ్ల్యూ కొత్త స్విఫ్ట్ ధరకు, ఒక్కోసారి ఇంకా తక్కువకు వస్తాయి. జగిత్యాలలో గల్ఫ్ నుంచి వచ్చిన కుర్రాడికి దుబాయ్ రోడ్ల మీద చూసిన బండి తన ఇంటి ముందు నిలబడటం కంటే ఏం కావాలి? కారు ధర పదేళ్లలో పడిపోయింది. దాని పార్టుల ధర పడిపోలేదు. హెడ్‌లైట్, ఎయిర్ సస్పెన్షన్, గేర్‌బాక్స్ అన్నీ ఇంకా అరకోటి కారు ధరలోనే ఉన్నాయి. ఒక పెద్ద రిపేరు వచ్చిందంటే బండి విలువలో సగం అడుగుతుంది. చేయించినా అమ్మేటప్పుడు ఆ సొమ్ము ఎవరూ ఇవ్వరు. చేయించకపోతే అసలు కొనేవాడే ఉండడు.

ఎస్టిమేట్ చేతికొచ్చాక మొదలయ్యేది ఎదురుచూపు. పార్టు ఆర్డర్ పెట్టాం సార్, చెన్నై నుంచి రావాలి సార్, జర్మనీ నుంచి రావాలి సార్. చిన్న సెన్సారు కావాలన్నా దానితో కూడిన సెట్టు మొత్తం మార్చాలంటారు. లూజు పార్టు అమ్మరు. కరీంనగర్ యజమాని ఇంకో నెల ఇంట్లోని పాత ఆల్టోలో తిరుగుతాడు.

కంపెనీయే పోతే ఇంకా కష్టం. ప్యూజో 1990లలో కల్యాణ్‌లో 309 కారు తయారుచేసి, గొడవల్లో పడి, కొన్నేళ్లకే మూటకట్టింది. ఓపెల్ ఆస్ట్రా, కోర్సా అమ్మి తప్పుకుంది. ఫియట్ సంగతి చూశాం. మన తెలుగు రాష్ట్రంలోనే కార్లు తయారయ్యే అవకాశం ఒకప్పుడు గుమ్మం దాకా వచ్చింది. విశాఖలో ఫోక్స్‌వ్యాగన్ ప్లాంటు అంటూ 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వశిష్ఠ వాహన్ అనే సంస్థకు 11 కోట్ల రూపాయలకు పైగా కట్టింది, తర్వాత అది కుంభకోణమై అసెంబ్లీని కుదిపేసింది. ప్లాంటు చాకన్‌కు, పుణె పక్కకు పోయింది. వచ్చి ఉంటే కరీంనగర్‌కు పార్టులు తొందరగా అందేవా అంటే చెప్పలేం గాని, ఆ ఊసెత్తి నిట్టూర్చే పాత డీలర్లు ఇంకా ఉన్నారు.

కొత్త మోడళ్లలో కొంత మార్పు ఉందని ఒప్పుకోవాలి. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ 2021 నుంచి తెచ్చిన కార్లలో ఇక్కడే తయారైన భాగాలు చాలా ఎక్కువ. కుశాక్ వచ్చిన కొత్తలో ఫ్యూయల్ పంపులు పోతుంటే కంపెనీ బహిరంగంగా ఒప్పుకుని గట్టి పంపులు మార్చింది. మరోవైపు 2025 జులైలో సంతకమైన బ్రిటన్ వాణిజ్య ఒప్పందంతో, కోటా మేరకు అక్కడి కార్ల మీద దిగుమతి సుంకం 10 శాతానికి దిగబోతోంది. కారు చవకవుతుంది. సర్వీస్ సెంటర్ అలుగునూరుకు రాదు.

షెడ్డులో ల్యాప్‌టాప్

ఈ కథలో నాకు నచ్చే మనిషి ఒకడున్నాడు. షార్జా, దుబాయ్ గ్యారేజీల్లో ఏళ్ల తరబడి జర్మన్ కార్లు విప్పి, ఊరికొచ్చి బైపాస్ మీద రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్. ఒకరు కాదు, కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ గల్ఫ్ వలసల్లో ఇలాంటి చేతులు చాలా తిరిగొచ్చాయి. గేర్‌బాక్స్ చప్పుడు విని జబ్బు చెప్పగలడు. అతని బల్ల మీద పాత ల్యాప్‌టాప్, దానికి చైనా స్కానర్, అందులో ఎక్కడి నుంచి వచ్చిందో అడగకూడని సాఫ్ట్‌వేర్. కొత్త మోడల్ రాగానే అది చదవడం మానేస్తుంది. పార్టు కోసం ఢిల్లీ కశ్మీరీ గేట్‌కు, మాయాపురి పాత సామాను బజారుకు వాట్సాప్‌లో ఫొటో పంపుతాడు. వచ్చింది అసలుదో నకలుదో బిగించాక గాని తెలియదు. కొత్త పార్టును కంప్యూటర్‌లో నమోదు చేసే కోడింగ్ అడిగితే అక్కడితో ఆట ఆగిపోతుంది. బండి టోయింగ్ ఎక్కుతుంది.

అతను జర్మనీలో షెడ్డు పెట్టి ఉంటే? ఐరోపా సమాఖ్యలో 2007 నాటి 715వ నిబంధనతో మొదలైన ఏర్పాటు ప్రకారం, ఈ కంపెనీలన్నీ రిపేరు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు కూడా వెబ్‌సైట్‌లో అందుబాటులో ఉంచాలి. ఊరికే ఇవ్వక్కర్లేదు. గంటకు, రోజుకు, నెలకు ఇంత అని న్యాయమైన ఫీజు తీసుకోవచ్చు. అంటే స్టుట్‌గార్ట్ గల్లీ మెకానిక్ కాసిన్ని యూరోలు కట్టి తెరిచే పుస్తకాన్ని, అదే కంపెనీ, అదే మోడల్‌కు కరీంనగర్ మెకానిక్ తెరవలేడు. సాంకేతికంగా ఏ అడ్డూ లేదు. ఇక్కడ అలా ఇవ్వమని గట్టిగా అడిగేవాళ్లు లేరు.

అసలు ఎవరూ అడగలేదా? అడిగారు. 2011లో ఒక వినియోగదారు ఫోక్స్‌వ్యాగన్, ఫియట్, హోండాల మీద కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. విచారణ పెరిగి పెద్దదై, 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా పడింది. బెంజ్, బీఎండబ్ల్యూ, స్కోడాలతోపాటు మారుతీ, టాటా, మహీంద్రా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. విడిభాగాల్ని, పరీక్ష పరికరాల్ని బయటి మెకానిక్‌లకు దక్కనివ్వకపోవడం పోటీని చంపడమేనని కమిషన్ తేల్చింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, మన షెడ్డు తలుపు మాత్రం తెరుచుకోలేదు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది, వాహనాల్నీ అందులో చేర్చింది. మంచిదే. చట్టబద్ధమైన బలవంతం లేని పోర్టల్‌తో కోడింగ్ తాళం ఊడదు. ఐరోపాలో ఉన్న నిబంధనను ఐరోపా కంపెనీలకు ఇక్కడ వర్తింపజేయడంలో కేంద్రానికి ఏం ఇబ్బందో ఎవరైనా చెప్పాలి.

అందాకా బండి ఉన్నవాళ్లు తమ చేతిలో ఉన్నది వాడుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కారు హైదరాబాద్‌లో కొన్నా, నాగపూర్‌లో రిపేరు చేయించినా, ఫిర్యాదు మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. 50 లక్షల దాకా చెల్లించిన బండి అయితే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి, అంతకు మించితే రాష్ట్ర కమిషన్. మిల్లు పేరు మీదో క్వారీ కంపెనీ పేరు మీదో బండి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని ఎదుటి లాయరు వాదిస్తాడు. ఒక మెర్సిడెస్ కారులో గేర్ దగ్గర భరించలేని వేడి పుడుతోందన్న కేసులో, డైరెక్టరు సొంత వాడకానికి కొన్న కారైతే కంపెనీ కూడా వినియోగదారేనని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రతిని దగ్గర పెట్టుకోండి. ప్రతి జాబ్‌కార్డు, ప్రతి ఎస్టిమేట్, పార్టు ఎప్పుడొస్తుందో సర్వీస్ అడ్వైజర్ పెట్టిన ప్రతి మెసేజ్ దాచండి. తప్పు జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు పడాలి. ముందుగా అడగాల్సిన హెల్ప్‌లైన్ నంబరు 1915.